ఏ టేపు నుంచి కోశారో అట్ట మీద చెప్పండి: పాత ఆల్బమ్‌లు మళ్లీ వేసే కంపెనీలకు బహిరంగ లేఖ

రికార్డు కంపెనీల వారికి నమస్కారం.

బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెపెలిన్, రోలింగ్ స్టోన్స్, జెనెసిస్, యెస్, జెథ్రో టల్, కింగ్ క్రిమ్‌సన్. ఈ బ్యాండ్ల పాత ఆల్బమ్‌ల హక్కులు మీ చేతుల్లో ఉన్నాయి. పదేళ్లకోసారి, ఈమధ్య అంతకన్నా ముందే, వాటిని కొత్త అట్టలో పెట్టి మళ్లీ అమ్ముతున్నారు. మేం మళ్లీ కొంటున్నాం. ఒకే ఆల్బమ్ ఇంట్లో నాలుగెందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి మా దగ్గర జవాబుంది: ఆ నాలుగూ ఒకటి కావు. ఈ సంగతి మాకంటే మీకే బాగా తెలుసు. అయినా అట్ట మీద రాయరు. మా తగాదా అంతా అక్కడే.

ఇప్పుడు మీరు అట్ట మీద ఏం రాస్తున్నారో చూడండి. '180 గ్రాముల వినైల్'. 'రీమాస్టర్డ్'. 'అసలు మాస్టర్ టేపుల నుంచి'. 'ఆడియోఫైల్ నాణ్యత'. ఈ నాలుగు మాటల్లో ఒక్కటీ లోపల ఏముందో చెప్పదు. మొదటిది మరీ విడ్డూరం. గాడి అంటే ముల్లు నడిచే, వెంట్రుక మందానికి అటూ ఇటూ ఉండే గీత. దాని కింద ప్లాస్టిక్ 140 గ్రాములు ఉందా 180 గ్రాములు ఉందా అన్నది ముల్లుకు పట్టదు. బరువైన రికార్డు చేతికి బాగుంటుంది, పోస్టు ఖర్చు పెరుగుతుంది. అంతకు మించి దానికి మహిమేమీ లేదు. 1970ల నాటి సన్నటి బ్రిటిష్ ప్రతులు ఇవాళ్టి బండ ప్రతులకన్నా బాగా పలికే సందర్భాలు కోకొల్లలు. పైన పటారం లోన లొటారం అని మా పెద్దవాళ్లు అనేది ఇలాంటి వాటినే.

'అసలు మాస్టర్ టేపు' అన్న మాట ఇంకా జారుడుది. స్టూడియోలో ముందు పుట్టేది మల్టీట్రాక్ టేపు, అంటే వాద్యాలూ గొంతులూ విడివిడి ట్రాకుల్లో ఉండేది. బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' దాకా నాలుగు ట్రాకులు, 'అబీ రోడ్' నాటికి ఎనిమిది, పింక్ ఫ్లాయిడ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' వచ్చిన 1973 నాటికి పదహారు. వాటిని కలిపి (ఇదే మిక్స్) స్టీరియో అయితే రెండు ట్రాకుల మీదికి, మోనో అయితే ఒకదాని మీదికి దించితే తుది మాస్టరు. ఆ మాస్టరును ఊరికే అరగదీయకూడదని ఒక నకలు తీస్తారు. కోతకు, అంటే యంత్రంతో గాడి చెక్కడానికి, అనువుగా బేస్, ట్రెబుల్ సరిచేసి మరో నకలు తీస్తారు. అమెరికాకు, జపాన్‌కు పంపడానికి ఆ నకలుకు నకలు. జిరాక్స్ మీద జిరాక్స్ తీసినట్టే ఇది: అనలాగ్ టేపు ఒక్కసారి నకలైతే హిస్ (టేపు బుస చప్పుడు) సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది, పై స్వరాల అంచు కొంచెం మొద్దుబారుతుంది. ఈ వరసలో ఏ టేపును పట్టుకున్నా అది ఏదో ఒక అర్థంలో 'మాస్టరే'. అందుకే ఆ మాటను మీ ప్రచార విభాగం అంత ఇష్టంగా వాడుతుంది. మేం అడుగుతున్నది తరం సంఖ్య. తుది మాస్టరా, మొదటి నకలా, రెండో నకలా? అసలుది పాడైపోయి ఉంటే అదే చెప్పండి, తప్పేమీ లేదు. 1970ల మధ్య నుంచి వాడిన కొన్ని రకాల టేపుల్లో, ముఖ్యంగా ఆంపెక్స్ 406, 456లలో, జిగురు చెమ్మ పీల్చి మెత్తబడుతుంది. యంత్రంలో పెడితే టేపును చదివే హెడ్డుకు అతుక్కుంటుంది. సుమారు 54 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఆరబెడితే తప్ప పలకదు. 'ఈ టేపును ఆరబెట్టి ఎక్కించాం' అని రాస్తే మీ మీద గౌరవం పెరుగుతుందే కాని తగ్గదు.

ఇక రీమాస్టర్, రీమిక్స్ గొడవ. సేకరణ మొదలుపెట్టిన కొత్తవాళ్లు అందరికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడ. రీమాస్టర్ అంటే తయారైన రెండు ట్రాకుల టేపును తీసుకుని స్వరాల పాళ్లు, శబ్దం స్థాయి సరిచేయడం. రీమిక్స్ అంటే మళ్లీ మల్టీట్రాక్ దగ్గరకు వెళ్లి, డ్రమ్స్ ఎక్కడుండాలి, గొంతు ఎంత వినబడాలి, ఎకో ఎంత అని మొదటి నుంచి నిర్ణయించడం. ఒకటి పాత ఇంటికి సున్నం వేయడం, రెండోది గోడలు జరపడం. 'సార్జెంట్ పెప్పర్' ఇందుకు పాఠ్యపుస్తకం లాంటిది. 1967లో బీటిల్స్ దగ్గరుండి చేయించుకున్నది మోనో మిక్స్. స్టీరియో మిక్సును వాళ్లు లేకుండా తర్వాత త్వరగా ముగించారు. ఫలితం: 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' మోనోలో దాదాపు అర స్వరం పైన, కొంచెం వేగంగా నడుస్తుంది, స్టీరియోలో నింపాదిగా ఉంటుంది. 'వైట్ ఆల్బమ్'లో మోనో 'హెల్టర్ స్కెల్టర్' మొదటిసారి తగ్గినప్పుడే ముగుస్తుంది, చివర డ్రమ్మర్ రింగో అరిచే అరుపు స్టీరియోలోనే ఉంటుంది. 2017లో జైల్స్ మార్టిన్ (బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ కొడుకు) 'పెప్పర్'ను కొత్తగా మిక్స్ చేశారు. అంటే ఆ ఒక్క ఆల్బమ్‌కే మూడు మిక్సులు, ఒక్కోదానికి అనేక మాస్టరింగులు. ఇవన్నీ దాదాపు ఒకే అట్ట బొమ్మతో అంగట్లో పక్కపక్కనే ఉంటాయి.

'హెల్ప్!', 'రబ్బర్ సోల్' కథ ఇంకా చిత్రం. 1987లో సీడీలుగా వచ్చినప్పుడు జార్జ్ మార్టిన్ ఈ రెండింటినీ మల్టీట్రాక్ నుంచి కొత్తగా మిక్స్ చేశారు. 2009 స్టీరియో సీడీల్లో, 2012 స్టీరియో ఎల్పీల్లో ఉన్నది ఆ మిక్సే. 1965 నాటి స్టీరియో మిక్స్ సీడీలో కావాలంటే 2009లో వచ్చిన మోనో పెట్టె కొనాలి: ఆ రెండు సీడీల్లో మోనో తర్వాత అసలు స్టీరియో చేర్చారు. స్టీరియో కోసం మోనో పెట్టె కొనమని ఎవరికైనా చెప్పి చూడండి, మనకు మతి పోయిందనుకుంటారు.

ఈ పనిని పద్ధతిగా చేసినవాళ్లూ ఉన్నారు, లేరని అనం. కింగ్ క్రిమ్‌సన్ మొదటి ఆల్బమ్‌ను 2009లో, జెథ్రో టల్ 'ఆక్వాలంగ్'ను 2011లో, యెస్ 'క్లోజ్ టు ది ఎడ్జ్'ను 2013లో సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ రీమిక్స్ చేశారు. ఆ వరసలో వచ్చిన సెట్లలో కొత్త మిక్స్ పక్కనే పాత మిక్సు కూడా ఇవ్వడం, ఏది ఏదో విడివిడిగా రాయడం ఆనవాయితీ అయింది. పాతదాన్ని మాయం చేసి కొత్తదాన్ని దాని కుర్చీలో కూర్చోబెట్టకపోవడమే ఆ సెట్ల గొప్ప. అమెరికన్ బ్యాండ్ జడ్ జడ్ టాప్ విషయంలో 1987లో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం: తొలి ఆల్బమ్‌ల డ్రమ్స్‌కు ఆ దశాబ్దపు డిజిటల్ మెరుగు పూసి సీడీల్లో పెట్టారు. ఏళ్ల తరబడి అంగట్లో దొరికింది ఆ అవతారమే.

డిజిటల్ దశ గురించి ఒక మాట. ఇది మతం కాదు మాకు. డిజిటల్ ఫైల్ నుంచి కోసిన మంచి ఎల్పీలు చాలా ఉన్నాయి. బీటిల్స్ 2012 స్టీరియో ఎల్పీలు 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ ఫైళ్ల నుంచి కోసినవి. 2014 మోనో ఎల్పీలను మాత్రం ఇంజినీర్లు సీన్ మాగీ, స్టీవ్ బెర్కోవిట్జ్ లండన్ స్టూడియో అబీ రోడ్‌లో నేరుగా టేపు నుంచి, మధ్యలో కంప్యూటర్ లేకుండా కోశారు. రెండూ అలా చెప్పే అమ్మారు, ఎవరి డబ్బు వాళ్లు ఎరిగి ఖర్చుపెట్టారు. 2022 జులైలో అమెరికాలో బయటపడ్డది అలా కాదు. పాత ఆల్బమ్‌లు మళ్లీ వేసే మొబైల్ ఫిడెలిటీ సంస్థ ఖరీదైన ఎల్పీల్లో చాలావాటికి మధ్యలో డీఎస్‌డీ అనే డిజిటల్ దశ ఉందని, అదీ ఏళ్ల నుంచి ఉందని ఆ సంస్థ ఇంజినీర్లే ఒప్పుకున్నారు. విషయం కోర్టుకెక్కి సుమారు 2.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. తమాషా ఏమిటంటే, ఆ రికార్డులు బాగుండవని ఎవరూ అనలేదు. అనలాగ్ చెవులున్నాయని చెప్పుకున్నవాళ్లు కూడా ఏళ్ల తరబడి మెచ్చుకునే విన్నారు. చిక్కు శబ్దంతో కాదు, దాచడంతో వచ్చింది.

'పూర్తి అనలాగ్' అని రాసేముందు మీ ఇంజినీర్లను ఇంకో ప్రశ్న కూడా అడగండి. కోత యంత్రానికి రాబోయే శబ్దం ఎంత పెద్దదో ఒక చుట్టు ముందే తెలియాలి, లేకపోతే పక్క గాడిని కొట్టేస్తుంది. పూర్వం టేపు యంత్రానికి శబ్దాన్ని ముందే చదివే అదనపు హెడ్డు ఉండేది. 1970ల చివర నుంచి చాలా స్టూడియోలు ఆ హెడ్డు బదులు, శబ్దాన్ని కాసేపు ఆపి కోతకు పంపే డిజిటల్ డిలే వాడాయి. అంటే టేపు అనలాగ్, యంత్రం అనలాగ్, గాడిలో పడ్డ శబ్దం మాత్రం డిజిటల్ డబ్బా గుండా వచ్చినదే. అలాగే 'హాఫ్ స్పీడ్ కోత' అని బంగారు అక్షరాల్లో వేస్తారు. యంత్రం నిమిషానికి మామూలు 33⅓ బదులు 16⅔ చుట్లే తిరుగుతుంది, పై స్వరాల కోత తేలికవుతుంది, నిజమే. కానీ చాలాసార్లు అందులోకి పంపేది డిజిటల్ ఫైలే. అదీ రాయండి.

సీడీల సంగతి క్లుప్తంగా చెబుతాం, ఎందుకంటే ఈ యుద్ధం మీరు ఎప్పుడో ఓడిపోయారు, ఒప్పుకోవడమే మిగిలింది. శబ్దం పెంచాలని శిఖరాలన్నీ నరికి చదును చేస్తే డ్రమ్ దెబ్బ దెబ్బలా కాక పిడకలా పడుతుంది. రష్ బ్యాండ్ 2002లో వేసిన 'వేపర్ ట్రయిల్స్'ను ఇలాగే నలిపేసి, 2013లో రీమిక్స్ చేసి మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది. 1980ల నాటి పశ్చిమ జర్మనీ, జపాన్ సీడీల కోసం జనం వెతుకుతున్నారంటే కారణం వ్యామోహం కాదు, అప్పటికి ఆ నరుకుడు మొదలుకాలేదు. పాత సీడీలకు వాటి రోగాలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ పీడీఓ ఫ్యాక్టరీలో 1988 నుంచి 1993 మధ్య తయారైన కొన్ని డిస్కులు అంచుల నుంచి రాగి రంగుకు తిరుగుతాయి: లోపలి వెండి పూత, పైనున్న లక్క సరిగా అడ్డుకోక, అట్ట కాగితంలోని గంధకంతో కలిసి రంగు మారుతుంది. పాత సీడీ కొనేవాళ్లు వెనక్కి తిప్పి అంచు చూడాలి. లోపలి రింగులో ఐఎఫ్‌పీఐ (అంతర్జాతీయ రికార్డు కంపెనీల సంఘం) గుర్తు ఉంటే అది 1994కు ముందుది కాదు.

ఇప్పుడు అసలు సిసలు బాధ: ప్రెస్సింగ్, అంటే ఫ్యాక్టరీలో రికార్డు ఒత్తడం. టేపు గొప్పది, కోత గొప్పది, చివర ఫ్యాక్టరీలో తప్పు జరిగితే అంతా బూడిదలో పోసిన పన్నీరు. లక్క పూసిన అల్యూమినియం పళ్లెం మీద కోత పడుతుంది. దాని మీద నికెల్ పెంచి తీసే అచ్చును తండ్రి అంటారు; తండ్రి నుంచి తల్లి, తల్లి నుంచి రికార్డులు ఒత్తే అచ్చు, అదే స్టాంపర్. ఒక స్టాంపర్ సుమారు వెయ్యి రికార్డులకు బాగా పనిచేస్తుంది, తర్వాత అరుగుతుంది. మొదటి లోపం నడిమి చిల్లు. ప్రమాణం ప్రకారం చిల్లు గాడి కేంద్రానికి 0.2 మిల్లీమీటర్లకు మించి పక్కకు పోకూడదు. మాకు వచ్చేవాటిలో అర మిల్లీమీటరు పక్కకు పోయినవి అరుదేమీ కాదు. అర మిల్లీమీటరే కదా అంటారేమో. లెక్క వేయండి. చివరి గాడి కేంద్రానికి 60 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ అర మిల్లీమీటరు తేడా అంటే స్వరం 0.8 శాతం పైకి, 0.8 శాతం కిందికి, 1.8 సెకన్లకోసారి ఊగుతుంది. అర స్వరంలో ఏడో వంతు పైకి, ఏడో వంతు కిందికి. ఎలక్ట్రిక్ గిటార్ రణగొణలో అది దాక్కుంటుంది. 'డార్క్ సైడ్' మొదటి వైపు చివర వచ్చేదేమిటి? 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై'. నిదానంగా నిలబడే పియానో. పియానో స్వరం ఊగకూడదు, అది వాద్యం స్వభావంలోనే లేదు. ఊగితే తాగి వాయించినట్టుంటుంది. ఆ ఒక్క పాట కోసమైనా మీ ఫ్యాక్టరీలో చిల్లు కొలవాలి.

దీనికి కారణం చాలావరకు స్టాంపర్‌కు చిల్లు పొడిచే దగ్గరే ఉంటుంది. గాడి కేంద్రాన్ని భూతద్దంలో చూసి సరిచేసి పొడవాలి. అక్కడ తొందరపడితే ఆ స్టాంపర్ నుంచి వచ్చిన వెయ్యి రికార్డులూ ఊగుతాయి. అందుకే 'మార్చి ఇస్తాం' అని మీరు పంపే రెండో ప్రతి కూడా అలాగే ఊగుతుంది, మూడోదీ అంతే. ప్రతి మార్చడం కాదు, స్టాంపర్ మార్చండి. మాలో చేయి తిరిగినవాళ్లు చిల్లును కొంచెం పెద్దది చేసి, ముల్లు చేయి కదలకుండా నిలబడేదాకా రికార్డును జరిపి వింటుంటారు. వేలు పోసి కొన్న వస్తువుకు ఇంట్లో రంపపు పని ఏమిటండీ!

రెండో లోపం నిండకపోవడం. రెండు స్టాంపర్ల మధ్య వేడి వినైల్ ముద్ద అంచులదాకా పారి, ప్రతి గాడిలోకీ దిగాలి. ఆవిరి వేడి చాలకపోయినా, ఒత్తి ఉంచే సమయం తగ్గించినా కొన్నిచోట్ల గాడి గోడ నిండదు. వంచి వెలుతురులో చూస్తే కుట్లు వేసినట్టు చిన్న చిన్న తెల్ల చుక్కలు కనబడతాయి. వింటే బట్ట చింపుతున్నట్టు చప్పుడు, ఎక్కువగా ఒక చానల్‌లోనే. ఇది దుమ్ము కాదు. ఎంత కడిగినా పోదు. నిజానికి కడగడమే దీన్ని నిర్ధారించే పద్ధతి: స్వేదనజలంలో ఇరవై శాతం లోపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒకటి రెండు చుక్కలు తడిపే ద్రావకం కలిపి కడిగి, ఆరబెట్టి, మళ్లీ వినాలి. అదే చోట అదే చప్పుడు వస్తే ఫ్యాక్టరీ తప్పు. (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు లక్క రికార్డుల మీద మాత్రం ఆల్కహాల్ పోయకండి, కరిగిపోతాయి.) గంటకు ఇన్ని రికార్డులు తీయాలన్న ఒత్తిడి వల్ల ఒత్తే సమయం తగ్గుతోందని మీకూ తెలుసు. ఆ రెండు మూడు సెకన్లు తిరిగి ఇవ్వండి.

రంగుల వినైల్ మీద మాకు పేచీ లేదు, కానీ చీకట్లో మెరిసేవి, బొమ్మ రికార్డులు వినడానికి కాదని చెప్పి అమ్మండి. బొమ్మ రికార్డులో గాడి పడేది పైనున్న పలచటి పొర మీద, చప్పుడు తప్పదు.

వైపు నిడివి గురించి మాత్రం నిలబడి మాట్లాడాలి. 33⅓ వేగంలో బయటి గాడి ముల్లు కింద సెకనుకు 51 సెంటీమీటర్లు నడుస్తుంది, చివరి గాడి 21 మాత్రమే. అదే స్వరాన్ని సగం కన్నా తక్కువ చోటులో ఇరికించాలి, అందుకే వైపు చివర 'స' గరగరలాడుతుంది. వైపుకు 18 నుంచి 22 నిమిషాలైతే కోత ఇంజినీరు ఊపిరి తీసుకోగలడు. జెనెసిస్ 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్' మొత్తం 53 నిమిషాలు దాటుతుంది, సగటున వైపుకు 26కు పైనే. ఇలాంటివాటిని రెండు ఎల్పీలకు పరిస్తే మేం సంతోషంగా లేచి తిప్పుతాం. కానీ ప్రతిదాన్నీ 45 వేగానికి మార్చే ఫ్యాషన్ వద్దు. 'క్లోజ్ టు ది ఎడ్జ్' పాట ఒక్కటే 18 నిమిషాలు దాటి ఒక వైపంతా ఆక్రమిస్తుంది. 45లో వైపుకు పన్నెండు, పదిహేను నిమిషాలే హాయిగా పడతాయి. మధ్యలో కోసి రెండో వైపు తిప్పమనడం అన్నం కంచం సగంలో లాగేసినట్టు.

ఫ్యాక్టరీ పేరు ఎందుకు దాస్తున్నారు? అదే బార్‌కోడ్, అదే కేటలాగ్ నంబరు. మొదటి విడత ఒక దేశంలో ఒత్తించారు, రెండోది ఇంకో దేశంలో. అంగట్లో రెండూ ఒకే ధర. సీలు విప్పి, చివరి గాడికీ లేబుల్‌కూ మధ్య ఖాళీలో గీసిన అక్షరాలు చూస్తే తప్ప తెలియదు. విప్పాక మీరు వెనక్కి తీసుకోరు. వృత్తంలో పీ గుర్తు పక్కన 1973 అని వేస్తారు; అది రికార్డింగ్ హక్కు సంవత్సరం, ప్రెస్సింగ్ సంవత్సరం కాదు. పాత ప్రతి అనుకుని మోసపోయేది దీనివల్లే. ఈ అంకె పక్కన ఒత్తిన సంవత్సరం కూడా వేస్తే మీకు సిరా ఖర్చు ఎంత?

బీటిల్స్ రికార్డులు వేసిన వెనకటి బ్రిటిష్ కంపెనీ ఈఎంఐ వాళ్లు ఈ విషయంలో మీకన్నా నిక్కచ్చిగా ఉండేవాళ్లు. వాళ్ల హేజ్ ఫ్యాక్టరీ రికార్డుల ఖాళీలో కింద ఆ వైపును గుర్తించే మాట్రిక్స్ నంబరు, దాని చివర ఎన్నో కోతో చెప్పే సంఖ్య. గడియారంలో తొమ్మిది చోట తల్లి సంఖ్య. మూడు చోట స్టాంపర్ అక్షరాలు, ఇవి జీ, ఆర్, ఏ, ఎం, ఓ, పీ, హెచ్, ఎల్, టీ, డీ అన్న పది అక్షరాల వరసలో వరుసగా 1 నుంచి 9, ఆపైన సున్నా. 'జీ ఆర్' అని ఉంటే పన్నెండో స్టాంపర్. చదవడం వస్తే ఒక ప్రతి ఎంత తొలి విడతదో చెప్పేయవచ్చు. దానికి విలువ కూడా ఉంది: 'రివాల్వర్' మోనో రెండో వైపు కోత సంఖ్య 1 ఉన్న ప్రతుల్లో 'టుమారో నెవర్ నోస్' వేరే మిక్స్, పొరపాటు తెలిసి వెంటనే మార్చారు. 'లెడ్ జెపెలిన్ 2' తొలి అమెరికన్ ప్రతుల్లో రెండు వైపులా 'ఆర్ ఎల్' అని ఉంటే ఇంజినీరు రాబర్ట్ లడ్విగ్ కోసినది. చవక ప్లేయర్ల మీద ముల్లు ఎగిరిపడుతోందని కంపెనీ దాన్ని పక్కనపెట్టి, శబ్దం తగ్గించి మళ్లీ కోయించింది. ఇవాళ దాని వెల చూడండి. మా దేశపు ప్రతులకూ ఇదే చదువు పనికొస్తుంది. కలకత్తా డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా ఒత్తిన బీటిల్స్ ఎల్పీల్లో చాలావాటి మీద బ్రిటన్ మాట్రిక్స్ నంబర్లే కనబడతాయి, అంటే కోత అక్కడిదే. బొంబాయి చోర్ బజార్‌లో, కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో ఆ ప్రతులను బయటివాళ్లు అంత ఓపిగ్గా ఏరుకోవడానికి కారణం అదే. అరిగిపోని ప్రతి దొరకడమే కష్టం.

అట్టల గురించి. 'లెడ్ జెపెలిన్ 3'లో తిరిగే చక్రం ఉంది, 'ఫిజికల్ గ్రాఫిటీ' అట్టకు కిటికీలు కోసి ఉన్నాయి, 'ఇన్ త్రూ ది అవుట్ డోర్' లోపలి సంచిని తడిపితే రంగులొస్తాయి. వీటిని తిరిగి చేసినప్పుడు పూర్తిగా చేయండి, లేదా మామూలు అట్ట వేసి ధర తగ్గించండి. చక్రం బొమ్మ అచ్చేసి చక్రం లేకపోవడం బాగోదు. రోలింగ్ స్టోన్స్ 'స్టికీ ఫింగర్స్' అట్ట మీది అసలు జిప్పు కావాలని మేం అడగం: 1971లో ఆ జిప్పు దొంతరలో కింది రికార్డు మీద నొక్కుకుని 'సిస్టర్ మార్ఫిన్' దగ్గర గాడి పాడుచేసింది, జిప్పును సగం కిందికి లాగి పంపాకనే దెబ్బ లేబుల్ మీద పడి పాట బతికింది. పాత అట్టను స్కాన్ చేసి అచ్చేయడం మాత్రం మానండి. చుక్క మీద చుక్క పడి ఆకాశం గీతలు గీతలుగా వస్తోంది. ఫిల్ములో, చిత్రకారుల దగ్గరో మూలం ఉంటుంది, వెతికించండి.

ఇక చివరగా, మా ఊళ్ల ఎండ. మే నెలలో విజయవాడలో నీడలోనే 45 డిగ్రీలు. మూసిన డెలివరీ వ్యానులో అరవై దాటుతుంది, వినైల్ మెత్తబడేది సరిగ్గా అక్కడే. బిగుతుగా లాగిన ష్రింక్ ప్లాస్టిక్ ఆ వేడికి ఇంకా ముడుచుకుని అట్టనూ రికార్డునూ విల్లులా వంచుతుంది. వదులు కవరు, చివర అంటించే రకం చాలు. పైకవరు పీవీసీది వద్దు: అందులోంచి వచ్చే నూనె ఏళ్లు గడిచేకొద్దీ రికార్డు మీద పాలపొరలా పేరుకుంటుంది, కడిగితే పోదు. పాలీప్రొపైలీన్ వాడండి. లోపల గరుకు అట్ట సంచి బదులు పాలిథిన్ పొర ఉన్నది పెట్టండి. బొమ్మల సంచి విడిగా పెడితే మేం దాచుకుంటాం. రికార్డును అట్టలోంచి తీసి, వెనక పెట్టి పంపితే దారిలో అట్ట అంచు చిరగదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో వానాకాలం చెమ్మకు కాగితపు సంచికి బూజు పట్టి గాడిలోకి దిగుతుంది. సేకర్తలు నిలువుగా, ఒత్తిడి లేకుండా, గోడకు తగలకుండా పెట్టుకుంటారు. ఆ జాగ్రత్త మాది, పంపేదాకా జాగ్రత్త మీది.

మేం కోరుతున్న చీటీ ఎంత ఉంటుందో చూపిస్తాం. 2014 మోనో 'పెప్పర్'కు ఇలా సరిపోతుంది:

'మిక్స్: మోనో, 1967. మూలం: తుది మోనో మాస్టర్ టేపు. డిజిటల్ దశ: లేదు. కోత: సీన్ మాగీ, అబీ రోడ్, నాయ్‌మన్ వీఎంఎస్ 80 యంత్రం, 2014. ప్రెస్సింగ్: ఆప్టిమల్, జర్మనీ, 2014.'

మొత్తం పాతిక మాటలు. రెండు అంగుళాల చీటీలో పడుతుంది. వెనక అట్ట మీద, సీలు విప్పకుండా చదివే చోట వేయండి. ఫ్యాక్టరీ మారితే చివరి పంక్తి మార్చండి, కోత మారితే దాని ముందు పంక్తి.

ఇట్లు,
హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచీ, విదేశాల నుంచీ
తెలుగు రికార్డు సేకర్తలు కొందరు

తా.క.: 'హెల్ప్!', 'రబ్బర్ సోల్' ఈసారి వేసేటప్పుడు 1965 స్టీరియోనా, తర్వాతి మిక్సా అన్నది అట్ట మీదే ఉండాలి. వీలైతే రెండూ ఒకే సెట్లో ఇవ్వండి. మోనో పెట్టె కొనమని ఇంకొకరికి సలహా చెప్పే పని మాకు తప్పుతుంది.